జెరంటాలజీ మైనర్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చా? చదువుతున్నది కంప్యూటర్ సైన్స్, ఆలోచన మాత్రం అమ్మమ్మ వల్ల వచ్చింది

ఒంగోలు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఇంటర్ అయ్యాక అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో బ్యాచిలర్స్‌కి వచ్చాను, కంప్యూటర్ సైన్స్, ఇప్పుడు రెండో ఏడు. ఇక్కడ మేజర్‌తో, అంటే ప్రధాన సబ్జెక్టుతో పాటు ఒక మైనర్, అంటే పక్కన ఇంకో చిన్న సబ్జెక్టు కూడా తీసుకోవచ్చు. నా క్లాస్‌మేట్స్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, బిజినెస్ తీసుకుంటున్నారు. నాకేమో జెరంటాలజీ తీసుకోవాలని ఉంది, అంటే వయసు పైబడటం గురించిన చదువు. ఆరు కోర్సులు, 18 క్రెడిట్లు, అన్నీ ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు.

ఎందుకు ఇది అంటారా. మొన్న వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళాను. ఒకటో తారీకు పొద్దున్నే పింఛను ఇవ్వడానికి ఇంటికే వచ్చారు. అమ్మమ్మ బొటనవేలు మెషిన్ మీద పెడితే పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది, పడలేదు. తడి చేసి పెట్టింది, చూపుడువేలు పెట్టింది, ఊహూ. చివరికి మొహం స్కాన్ చేసి డబ్బులు ఇచ్చారు, అది వేరే సంగతి. కానీ ఆ ఐదు నిమిషాలూ ఆవిడ తనే ఏదో తప్పు చేసినట్టు "పొగాకు పనికి పోయి పోయి వేళ్ళు అరిగిపోయినయి నాయనా" అని సంజాయిషీ చెప్పుకుంటూనే ఉంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఫోన్ కూడా అంతే. వాట్సాప్ బొమ్మ మీద వేలు పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంటుంది, కాలింగ్ బెల్ నొక్కినట్టు. అలా పట్టుకుంటే అది తెరుచుకోదు కదా, పక్కన ఏదో చిన్న మెనూ వస్తుంది. అది చూసి ఫోన్ పాడైందనుకుని నా చేతికి ఇచ్చేస్తుంది. 76 ఏళ్ళ మనిషి, ఊళ్ళో వడ్డీ లెక్కలు నోటితో వేసి చెప్పే మనిషి, ఫోన్ దగ్గరికి వచ్చేసరికి "నాకు తెలియదులేమ్మా" అంటుంది. నేను చదివేది ఇలాంటి ఫోన్లూ యాప్‌లూ తయారుచేసే చదువే. మా క్లాసులో యూజర్ అంటే మా వయసు వాళ్ళనే అనుకుని అన్నీ కడుతున్నాం.

నాన్నకి చెప్తే "అదేం చదువమ్మా, దాని బదులు ఏఐ కోర్సు ఇంకోటి తీసుకో" అన్నారు. కోప్పడలేదు, కానీ ఫీజు ఆయనే కడుతున్నారు, ఆయన అడిగే మాటలో న్యాయం ఉంది. అందుకే అడుగుతున్నా. ఇది ఆన్‌లైన్‌లో చదివితే నిజంగా ఏమైనా వస్తుందా, లేక వీడియోలు చూసి క్విజ్ రాసి వదిలేయడమేనా? ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ కోర్సులతో ఇబ్బంది ఉంటుందని ఎవరో అన్నారు, అదెంతవరకు నిజం? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


డల్లాస్_అక్క:

చెల్లీ, నేను చేసింది అచ్చంగా ఇదే. మేజర్ సైకాలజీ, మైనర్ జెరంటాలజీ, మైనర్ మొత్తం ఆన్‌లైన్. ఇప్పుడు డల్లాస్ దగ్గర ఒక సీనియర్ లివింగ్‌లో, అంటే పెద్దవాళ్ళు ఉండే చోట, ఐదేళ్ళుగా పని చేస్తున్నా. నీ పోస్టు చదివి ఈ రాత్రి నిద్ర మానుకుని రాస్తున్నా.

ముందు ఒకటి. జెరంటాలజీ వేరు, జెరియాట్రిక్స్ వేరు. రెండోది డాక్టర్ల పని, పెద్దవాళ్ళ జబ్బులకి వైద్యం. జెరంటాలజీ అంటే వయసు పెరగడాన్ని శరీరం వైపు నుంచి, మనసు వైపు నుంచి, డబ్బు, ఇల్లు, ప్రభుత్వం, కుటుంబం, అన్నిటి వైపు నుంచీ చూడటం. కాబట్టి కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇందులో చోటు లేదనుకోవద్దు. నా బ్యాచ్‌లో ఒక ఆర్కిటెక్చర్ అబ్బాయి ఉండేవాడు, ఇద్దరు నర్సులు, వాళ్ళమ్మని చూసుకుంటూ నలభై దాటాక మళ్ళీ చదువుకి వచ్చిన ఒకావిడ. వీడియో లెక్చర్ల కంటే ఆవిడ డిస్కషన్ బోర్డులో రాసిన పోస్టుల నుంచే నేను ఎక్కువ నేర్చుకున్నా.

ఆన్‌లైన్ ఎలా నడుస్తుందంటే, సోమవారం ఆ వారం పాఠం తెరుస్తారు, గురువారం లోపల నువ్వు ఒక పోస్టు రాయాలి, ఆదివారం రాత్రి లోపల ఇంకో ఇద్దరికి జవాబు రాయాలి. చదవాల్సింది చాలా ఉంటుంది, వారానికి కోర్సుకి ఏడెనిమిది గంటలు పక్కన పెట్టుకోవాలి. లైవ్ క్లాసు లేదు కదా తర్వాత చూద్దాంలే అనుకుంటే నాలుగో వారానికి మునిగిపోతావు. మా బ్యాచ్‌లో మధ్యలో వదిలేసిన వాళ్ళందరూ ఇక్కడే వదిలేశారు.

ఇక విషయం. మొదటి కోర్సులోనే వయసు మీద వివక్ష గురించి చదివిస్తారు, ఏజిజం అనే మాటని రాబర్ట్ బట్లర్ అనే డాక్టరు 1969లో వాడుకలోకి తెచ్చాడు. తర్వాత సిద్ధాంతాలు. 1961లో కమ్మింగ్, హెన్రీ అని ఇద్దరు, పెద్దయ్యేకొద్దీ మనిషి లోకం నుంచి మెల్లగా తప్పుకోవడం సహజమే అన్నారు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది అది తప్పన్నారు, మనిషి తప్పుకోవడం లేదు, మనమే తప్పిస్తున్నాం అన్నారు. నాకు బాగా పట్టుకున్నది మాత్రం పాల్ బాల్టెస్ చెప్పింది. ఆయన రూబిన్‌స్టీన్ అనే పియానో విద్వాంసుడి ఉదాహరణ ఇస్తాడు. ఎనభై ఏళ్ళ వయసులో కూడా అంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే ఆయన చెప్పాడట, తక్కువ పాటలు ఎంచుకుంటాను, వాటినే ఎక్కువసార్లు సాధన చేస్తాను, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కొంచెం నెమ్మదిగా వాయిస్తాను, అప్పుడు ఆ తర్వాతది వేగంగా వినిపిస్తుంది అని. ఎంచుకోవడం, మెరుగుపరుచుకోవడం, లోటుని ఇంకో దారిలో పూడ్చుకోవడం. మీ అమ్మమ్మ కూడా ఇలాంటివి రోజుకి పది చేస్తూ ఉంటుంది, గమనించి చూడు.

బయాలజీ ఆఫ్ ఏజింగ్ అని ఒక కోర్సు ఉంటుంది, అది నీకు నేరుగా పనికొస్తుంది. వయసుతో ముందు పోయేది సన్నటి, కీచు శబ్దాలు వినే శక్తి. అందుకే గట్టిగా అరిచినా పెద్దవాళ్ళకి మాట అర్థం కాదు, స, శ, ఫ లాంటి అక్షరాలే జారిపోతాయి. ఫోన్‌లో టింగ్ అని సన్నగా మోగే నోటిఫికేషన్ వాళ్ళ వరకు చేరదు. కంటిలో లెన్స్ పసుపుపచ్చగా మారుతుంది, నీలం, ఆకుపచ్చ మధ్య తేడా పట్టుకోవడం కష్టమవుతుంది. ఇంక తెల్ల తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు పెడితే ఎలా చదువుతారు చెప్పు. అక్షరాలకీ వెనక రంగుకీ కనీసం 4.5:1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి, నువ్వు చదివే ఉంటావు. అది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

నా చదువంతటిలో నన్ను మార్చిన పని ఒకటి చెప్తా. రెండో కోర్సులో ఒక పెద్దాయన్ని ఇంటర్వ్యూ చేసి ఆయన రోజువారీ పనులు రెండు ఫారాల్లో నింపమన్నారు. ఒకటి కాట్జ్ ఫారం, అందులో ఆరు ఉంటాయి, స్నానం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళడం, మంచం మీంచి కుర్చీ మీంచి లేవడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. రెండోది లాటన్ ఫారం, అందులో ఎనిమిది, ఫోన్ వాడటం, కొనుక్కురావడం, వంట, ఇల్లు చక్కబెట్టడం, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. నేను మా అపార్ట్‌మెంట్స్‌లో ఉండే ఒక తెలుగు తాతగారిని అడిగాను, రిటైరైన హెడ్మాస్టరు, కొడుకు దగ్గరికి వచ్చారు. మొదటి ఫారంలో ఆరుకి ఆరు. రెండో దానిలో ప్రయాణం దగ్గర ఆగిపోయాం. ఊళ్ళో రోజూ సైకిలు మీద నాలుగు కిలోమీటర్లు వెళ్ళే మనిషి ఇక్కడ కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా గడప దాటలేరు. కొనుక్కురావడం కూడా అంతే. ఫారంలో "ఇతరుల మీద ఆధారపడి ఉన్నారు" అని టిక్ పెట్టాలి. పెట్టాను. కానీ కాళ్ళలో ఏ లోపమూ లేదు, బస్సు లేని ఊరు, పక్కన ఫుట్‌పాత్ లేని రోడ్డు ఆయన్ని ఆధారపడే మనిషిని చేశాయి. నేను అదే రిపోర్టులో రాశాను. ఆ రోజు నుంచి ఏ పెద్దమనిషి "నాకు చేతకాదమ్మా" అన్నా ముందు చుట్టూ ఏముందో చూస్తాను.

పాలసీ కోర్సు కూడా వదలకు. మన తల్లిదండ్రులు గ్రీన్ కార్డు మీద వచ్చారనుకో, 65 దాటినా వెంటనే మెడికేర్, అంటే ఇక్కడ పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, రాదు, వరసగా ఐదేళ్ళు ఇక్కడ ఉన్నాక ప్రీమియం కట్టి తీసుకునే వీలుంటుంది. రోజూ స్నానం చేయించి అన్నం పెట్టే మనిషి కావాలంటే ఆ ఖర్చు మెడికేర్ ఇవ్వదు. ఇక్కడ ఇన్నేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళు చాలామందికి ఇది అవసరం మీద పడ్డాకే తెలుస్తోంది.

తీసుకో. నా మాట అదే.


స్టేటస్_చూసుకో:

ఎఫ్-1 సంగతి నేను చెప్తాను. ఒక సెమిస్టర్‌లో ఫుల్ టైమ్ లెక్కలోకి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లే తీసుకుంటారు. అండర్‌గ్రాడ్‌కి ఫుల్ టైమ్ 12 క్రెడిట్లు. అంటే నీకు కనీసం తొమ్మిది క్రెడిట్లు క్లాసుకి వెళ్ళి కూర్చునేవి ఉండాలి, ఆ పన్నెండూ నిండాక పైన ఇంకో ఆన్‌లైన్ కోర్సు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. కాబట్టి ఆరు కోర్సులూ ఒకేసారి కుక్కుకోకుండా సెమిస్టర్‌కి ఒకటి చొప్పున వేసుకో, రెండో ఏడులోనే ఉన్నావు కాబట్టి సరిపోతుంది, వేసవిలో ఒకటి లాగేయొచ్చు.

ఇంకో రెండు. మైనర్‌లో ప్రాక్టికం ఉంటే, అంటే క్యాంపస్ బయట ఏదైనా సెంటర్‌లో గంటలు చెయ్యమంటే, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకో, జీతం లేదు కదా అని నువ్వే నిర్ణయం తీసుకుని వెళ్ళొద్దు. రెండోది, ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, నీ మేజర్‌ని బట్టే, మైనర్‌ని బట్టి రాదు. రేపు నువ్వు చేసే ఉద్యోగం కంప్యూటర్ సైన్స్‌కి సంబంధించిందై ఉండాలి. పెద్దవాళ్ళ కోసం యాప్‌లు కట్టే కంపెనీలో డెవలపర్‌గా చేరితే ఏ పేచీ లేదు.

మా రూమ్‌మేట్ ఒకడు అడగకుండా మూడు ఆన్‌లైన్ కోర్సులు పెట్టేసుకుని ఫుల్ టైమ్ తగ్గిపోయి ఎంత టెన్షన్ పడ్డాడో నేను కళ్ళారా చూశా. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.


బాపట్ల_బాబాయ్:

అమ్మాయ్, నేను మీ నాన్నగారి పక్షాన మాట్లాడతాను, ఏమీ అనుకోకు. నేనూ ఒక కూతురి ఫీజు కడుతున్నవాణ్ణే. బయటి రాష్ట్రం వాళ్ళకి క్రెడిట్ లెక్కన వేసే ఫీజు తక్కువేం కాదు, 18 క్రెడిట్లంటే ఒక సెమిస్టర్ కంటే ఎక్కువ. నీ డిగ్రీకి ఎలాగూ కావాల్సిన జనరల్ ఎడ్యుకేషన్, ఎలక్టివ్ క్రెడిట్లలో ఇవి కలిసిపోతాయేమో ముందు చూడు. కలిసిపోతే తీసుకో, నాకూ సంతోషమే. కలవకుండా పైన అదనంగా కట్టాల్సి వస్తే మాత్రం ఒకటో రెండో కోర్సులు తీసుకుని ఆగు. ఆన్‌లైన్ కోర్సుకి కొన్ని చోట్ల వేరే ఫీజు కూడా వేస్తారు, అదీ అడుగు. మైనర్ అనేది ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనబడే మాట, నువ్వు నేర్చుకున్నది ఆ మాట లేకపోయినా నీతోనే ఉంటుంది కదమ్మా.


డల్లాస్_అక్క:

బాబాయ్ గారూ, మీరు చెప్పింది సరైన మాట. నాకు ఆరింటిలో నాలుగు అలా కలిసిపోయాయి, అందుకే చెయ్యగలిగాను. చెల్లీ, నీ అడ్వైజర్‌ని ఇదే ముందు అడుగు. వేరే యూనివర్సిటీ ఆన్‌లైన్ మైనర్ చవకగా ఉందని అటు వెళ్ళకు, మైనర్ సాధారణంగా నువ్వు చదివే చోటే ఇస్తారు, బయటివి ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లుగా ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు.


ఫిజియో_మలక్‌పేట:

నేను హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టుని, ఇళ్ళకి వెళ్ళి చేస్తాను, ఎక్కువమంది 70 దాటినవాళ్ళే. జెరంటాలజీ అని నేను విడిగా చదవలేదు, కానీ ఇది చదివిన మనిషి ఒకళ్ళు కుటుంబంలో ఉంటే నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం రాకుండా ఉండేవేమో అనిపిస్తుంది.

నేను వెళ్ళిన ఇంట్లో ముందు చూసేది బాత్రూమ్. నూటికి తొంభై ఇళ్ళలో పెద్దవాళ్ళు టవల్ వేసుకునే రాడ్ పట్టుకుని లేస్తుంటారు. అది రెండు చిన్న స్క్రూల మీద ఉంటుంది, తడి గుడ్డ బరువు మోయడానికి పెట్టింది, మనిషి బరువు మోయడానికి కాదు. ఒకరోజు గోడలోంచి ఊడి చేతిలోకి వస్తుంది. నా దగ్గరికి వచ్చిన తుంటి ఎముక కేసుల్లో రెండు అలా విరిగినవే. వాళ్ళ పిల్లలు మార్బుల్ వేయించారు, గీజర్ పెట్టించారు, పట్టుకోవడానికి ఒక గట్టి స్టీల్ రాడ్ మాత్రం పెట్టించలేదు, ఎందుకంటే ఎవరూ వాళ్ళ పక్కన నిలబడి లేవడం చూడలేదు.

నీకు ఒక చిన్న పరీక్ష చెప్తాను, మీ కోర్సులో కూడా వస్తుంది, టైమ్డ్ అప్ అండ్ గో అంటారు. చేతులున్న మామూలు కుర్చీలో కూర్చోబెట్టు. ఎదురుగా మూడు మీటర్ల దూరంలో నేల మీద ఒక గీత గియ్యి. లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్ళి, తిరిగి, వచ్చి మళ్ళీ కూర్చోవాలి. రోజూ వాడే చెప్పులు వేసుకోవచ్చు, కర్ర ఉంటే కర్రతోనే. లే అనగానే టైమ్ మొదలు, వీపు ఆనించి కూర్చోగానే ఆపాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. కానీ నేను సెకన్ల కంటే మనిషిని చూస్తాను. లేవడానికి ఎన్నిసార్లు ఊగింది, తిరిగేటప్పుడు ఎన్ని చిన్న అడుగులు వేసింది, కూర్చునేటప్పుడు ధబ్బున పడిందా మెల్లగా దిగిందా. నువ్వు అమెరికా నుంచి వీడియోలో చూస్తూ చేయించొద్దు, పక్కన ఒక మనిషి చెయ్యి అందేంత దూరంలో ఉండి తీరాలి.

ఇంకోటి, లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపల ఒకసారి బీపీ చూపించండి. పై అంకె 20 పడిపోతే డాక్టరుకి చెప్పాల్సిందే, బీపీ మాత్రలూ నిద్రమాత్రలూ వేసుకునేవాళ్ళలో ఇది బాగా చూస్తాం.

మైనర్ చదివితే ఎవరికీ వైద్యం చేసే అర్హత రాదు, అది గుర్తుపెట్టుకో. ఎప్పుడు ఎవరిని పిలవాలో తెలుస్తుంది. మాకు కావాల్సింది అదే.


రాజమండ్రి_కోడలు:

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. ఈ అమ్మాయి పోస్టు చూసి రాయాలనిపించింది.

మా అత్తయ్యగారికి డిమెన్షియా. మొదటి ఏడాదిన్నర మాకు అది జబ్బని తెలియదు. ఆవిడ గాజులు తనే బియ్యం డబ్బాలో దాచేవారు, తర్వాత నేను తీశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నేను డబ్బా తెచ్చి, గాజులు తీసి చూపించి, "చూడండి అత్తయ్యా, మీరే పెట్టారు" అని రుజువు చేసేదాన్ని. రుజువు చేసిన ప్రతిసారీ ఆవిడ ఇంకా భయపడేవారు. మా ఆయన మధ్యలో నలిగిపోయేవారు. అది వయసు వల్ల వచ్చే చాదస్తమే అని ఇంటికి వచ్చిన డాక్టరు కూడా అనేశారు.

తర్వాత ఒక అమ్మాయి, మా ఆడపడుచు స్నేహితురాలి కూతురు, సోషల్ వర్క్ చదివింది, ఇంటికి వచ్చి రెండు గంటలు కూర్చుంది. నాతో ఒకే ఒక్క మాట చెప్పింది. "ఆంటీ, గాజులు ఎవరు తీశారన్నది వదిలేయండి, ఆవిడకి ఇప్పుడు ఏదో పోయిందనే భయంగా ఉంది, దానికి జవాబు చెప్పండి" అంది. ఆ రోజు నుంచి గాజులు కనబడకపోతే "అయ్యో, పదండి ఇద్దరం వెతుకుదాం" అంటాను. ఇద్దరం వెతుకుతాం. దొరుకుతాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంటారు. ఇప్పుడు నా పేరు ఆవిడకి గుర్తులేదు, చెయ్యి మాత్రం పట్టుకుంటారు.

నాకు ఈ మాట ఏడాదిన్నర ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఆవిడకి నేను పెట్టిన ఆ కష్టం ఉండేది కాదు. అమ్మా, నువ్వు చదువు. మీ నాన్నగారికి నా మాటగా చెప్పు.

ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, 14567 అని ఎల్డర్ లైన్ ఉంది, తెలుగులో మాట్లాడతారు. 2017లో హైదరాబాద్‌లోనే మొదలైందట అది, తర్వాత దేశమంతా వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియనప్పుడు అదొక ఆసరా.


తిరుపతి_లెక్చరర్:

రాజమండ్రి కోడలు గారూ, మీరు రాసింది మా పిల్లలకి క్లాసులో చదివి వినిపించాలని ఉంది, మీరు ఒప్పుకుంటేనే.

ఒంగోలు అమ్మాయికి ఒక సంగతి. జెరంటాలజీ అమెరికా చదువని అనుకుంటున్నావేమో. మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో వృద్ధాప్యం మీద పరిశోధనకి విడిగా ఒక కేంద్రం పెట్టి దశాబ్దాల పాటు పని చేశారు. ప్రొఫెసర్ పి.వి. రామమూర్తి గారు, ప్రొఫెసర్ డి. జమున గారు అక్కడివారే. దేశంలో ఈ సబ్జెక్టుకి దారి వేసినవాళ్ళలో రామమూర్తి గారి పేరు ముందు చెప్తారు. నీకు టర్మ్ పేపర్ రాయాల్సి వచ్చినప్పుడు అన్నీ అమెరికా లెక్కలే వాడకు, వీళ్ళ వ్యాసాలు వెతుకు, రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్ళ గురించి అందులో దొరుకుతుంది.

లెక్కలు కావాలంటే లాసీ ఉంది, లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా. 45 దాటినవాళ్ళూ వాళ్ళ భార్యాభర్తలూ కలిపి 72 వేల పైచిలుకు మందిని 2017-18లో ఇంటింటికీ వెళ్ళి కలిశారు, ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి చేశాయి. చేతి పట్టు ఎంతుందో పరికరంతో కొలిచారు, నడక వేగం చూశారు, జ్ఞాపకశక్తి చూశారు. ఆంధ్ర, తెలంగాణ రెండూ విడివిడిగా ఉన్నాయి. అడిగితే పరిశోధనకి డేటా ఉచితంగా ఇస్తారు. కంప్యూటర్ సైన్స్ పిల్లవి, పైథాన్ వచ్చు, ఆ డేటాతో ఒక ప్రాజెక్టు చేస్తే మీ నాన్నగారు అడిగిన ఏఐ కూడా అందులోనే వచ్చేస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో 60 దాటినవాళ్ళు పది కోట్ల పైన. 2050కి జనాభాలో ఐదో వంతు దాటుతారని 2023 ఇండియా ఏజింగ్ రిపోర్టు అంచనా. ఇంతమంది వాడే యంత్రాలు ఎవరు తయారుచేస్తారు మరి.

ఇక్కడ డిగ్రీ చదువుతూ ఈ థ్రెడ్ చూస్తున్న పిల్లలకి కూడా. ఆంధ్రలో 2023-24 నుంచి డిగ్రీలో ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది, కానీ మైనర్ మీ కాలేజీ ఇచ్చేవాటిలోంచే ఎంచుకోవాలి. జెరంటాలజీ లేదని నిరాశపడకండి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ నుంచి చేసి క్రెడిట్లు కలుపుకోవచ్చు, మీ యూనివర్సిటీ ఆ కోర్సుని ఒప్పుకోవాలి. సైకాలజీ, సోషల్ వర్క్, హోమ్ సైన్స్ వాళ్ళు సెమిస్టర్ మొదలయ్యేముందే హెచ్‌ఓడీ దగ్గరికి కోర్సు పేరు పట్టుకుని వెళ్ళండి. చేరిపోయాక అడిగితే చాలాసార్లు కుదరదు.

ఆన్‌లైన్ గురించి నా అభిప్రాయం ఒకటే. తెర మీద పాఠం ఎంత బాగున్నా వారానికి ఒక గంట ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చోకపోతే ఈ సబ్జెక్టు రాదు. క్లాస్‌రూమ్‌లో చదివినా అంతే.


ఒంగోలు_అమ్మాయి:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కరికి విడిగా థాంక్స్ చెప్పాలి. రెండు వారాలు ఆగి రాస్తున్నా, ఎందుకంటే అన్నీ కనుక్కుని రాద్దామనుకున్నా.

అడ్వైజర్‌ని కలిశాను. బాబాయ్ గారు చెప్పినట్టే ఆరింటిలో మూడు నా జనరల్ ఎడ్యుకేషన్‌లో కలిసిపోతాయి, ఇంకొకటి ఎలక్టివ్‌గా పోతుంది. అదనంగా కట్టాల్సింది రెండు కోర్సులకే. ఇంటర్నేషనల్ ఆఫీసులో కూడా అడిగాను, సెమిస్టర్‌కి ఒకటి చొప్పున అయితే నా స్టేటస్‌కి ఏ ఇబ్బందీ లేదని మెయిల్‌లో ఇచ్చారు. ప్రాక్టికం బదులు రీసెర్చ్ ప్రాజెక్టు చేసుకోవచ్చట, లాసీ డేటా గురించి చెప్తే ప్రొఫెసర్ చాలా ఆసక్తిగా విన్నారు. నాన్నకి రాజమండ్రి కోడలు గారి పోస్టు చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా నాయనమ్మ కూడా చివర్లో అట్లనే చేసేదమ్మా, మేం నవ్వేవాళ్ళం" అన్నారు. ఫీజు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఫిజియో గారూ, మామయ్య పక్కన నిలబడి ఆ కుర్చీ పరీక్ష చేయించాడు. 17 సెకన్లు. కానీ మీరు చెప్పినట్టు వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తే, నడక బాగానే ఉంది, లేవడానికే ఆరు సెకన్లు పట్టింది. మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టి, ముందుకి రెండుసార్లు ఊగి, మూడోసారి లేచింది. ఆవిడ రోజూ కూర్చునే నవారు మంచం చూస్తే నడుం దగ్గర బాగా కుంగి ఉంది. మామయ్య నవారు బిగించి కట్టించాడు, బాత్రూమ్‌లో టవల్ రాడ్ తీసేసి స్టీల్ రాడ్ పెట్టించాడు. మోకాళ్ళ కోసం వచ్చే వారం ఒంగోలులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు, బీపీ కూడా పడుకుని ఒకసారి నిలబడి ఒకసారి చూడమని నేను కాగితం మీద రాసి పంపాను.

ఫోన్‌లో కూడా ఒకటి కనిపెట్టాను. ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో వేలు ఎంతసేపు పెడితే లాంగ్ ప్రెస్ అని లెక్కపెట్టాలో మార్చుకోవచ్చు. దాన్ని పొడవుగా పెట్టించాను. మొన్న మొదటిసారి అమ్మమ్మ తనంతట తనే నాకు వీడియో కాల్ చేసింది. నాకు ఇక్కడ తెల్లవారుజామున నాలుగు. ఎత్తగానే తెర నిండా ఆవిడ నుదురు, బొట్టు కనబడ్డాయి. "వచ్చిందే, వచ్చింది" అంటోంది.

మొదటి కోర్సు ఆగస్టులో మొదలవుతుంది, సిలబస్‌లో ఇంటర్వ్యూ మూడో వారం ఉంది. అమ్మమ్మని అడిగాను, సరే అంది. పెద్ద మామయ్య పుట్టకముందు సంగతులు కూడా చెప్పొచ్చా అని అడిగింది.